కారు తెమ్మంటే వచ్చిన పడవలారీ

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే భయం పుణ్యమా అని నేను మెల్‌బోర్న్ వచ్చాను. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలున్న సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం నా పని. నా వీసా మీద వచ్చిన మావారు మెకానికల్ ఇంజనీరు. కాకినాడలో చేపల పడవల ఇంజన్లు బాగుచేసిన మనిషి. ఇక్కడ ఎవరూ పని ఇవ్వకపోవడంతో, అద్దెయింట్లోని గడ్డి కోసే మిషన్‌ను విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం ఆయన దినచర్య అయింది.

ఆఫీసుకు రైళ్లు మారలేక విసుగెత్తి ఒక శనివారం, "ఏదైనా సెకండ్‌హ్యాండ్ కారు చూసి రండి" అని పంపాను. సాయంత్రం ఇంటి ముందు పొడవాటి ట్రెయిలర్ ఆగింది. దానిమీద ఉన్నది ముందు నుంచి చూస్తే లారీ, పక్క నుంచి చూస్తే పడవ. ఆరు చక్రాలు, వెనక ప్రొపెల్లర్, ఒళ్లంతా తుప్పు.

"ఇదేంటండీ?"

"మిలిటరీ వాళ్లది. రోడ్డు మీదా పోతుంది, నీళ్లలోనూ పోతుంది. రిటైరయ్యాక ఒక రైతు కొనుక్కుని దీంట్లో కోళ్లను పెట్టాడు. చూస్తే జాలేసింది."

"నేను కారు తెమ్మన్నాను."

"స్టీరింగ్ ఉంది కదే."

అప్పుడే సీటు కింద నుంచి ఒక కోడి తాపీగా దిగి మా పెరట్లోకి నడిచింది.

ఆ రోజు నుంచి ఆయన తుప్పు గీకారు, చిల్లులకు రేకులు అతికారు, నీళ్లు తోడే పంపును ముక్కలు ముక్కలుగా విప్పారు. ఒక ఆదివారం ఇడ్లీపాత్ర మూత తీస్తే లోపల కార్బురేటర్ ఉడుకుతోంది. పోట్లాడుదామనుకున్నాను గానీ, పనిచేస్తూ ఆ మనిషి ఈల వేయడం ఈ దేశంలో నేను వినడం అదే మొదటిసారి. కొత్త పాత్ర కొనుక్కున్నాను. మెల్లిగా నేనూ గీకుడు బ్రష్ పట్టాను.

"మీ కంప్యూటర్లన్నీ ఆగినా ఇది ఆగదు. దీనికి తేదీ తెలీదుగా" అనేవారు.

రెండువేల సంవత్సరం వచ్చింది. మా ఆఫీసులో ఏ కంప్యూటరూ ఆగలేదు. పెరట్లో ఇది మాత్రం కదల్లేదు.

ఇక్కడ జనవరి అంటే వేసవి. ఆ వేసవిలోనే ఇండియా నుంచి మా అత్తగారు వచ్చారు. దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మీ నాన్న స్కూటర్ కొంటానని వెళ్లి గేదెను తోలుకొచ్చారు. నువ్వే నయం రా" అన్నారు.

చివరికి అది స్టార్టయింది. ఒక ఆదివారం పొద్దున్నే, పడవలు దించే సముద్రపు రేవుకు తీసుకెళ్లాం. అత్తగారు బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ పట్టుకున్నారు.

"చక్రం దగ్గర కొట్టాలా, నీళ్లలో వదలాలా?"

"రెండూ కానియ్యమ్మా" అన్నారు మావారు.

వాలు మీంచి నీళ్లలోకి దిగింది. చక్రాలు మునిగాయి. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తేలుతున్నాం. నా కాళ్ల దగ్గర సన్నటి ధార చిమ్మింది. పంపు దాన్ని తోడి బయటికి పోసింది. లైఫ్ జాకెట్ మీంచి పైట సర్దుకుని అత్తగారు చక్కగా గాలి పీలుస్తున్నారు.

కొంత దూరంలో ఇంజన్ ఆగిపోయిన మోటారు పడవలోంచి ఒకాయన చేతులూపాడు. మావారు తాడు విసిరి, పడవను వెనక కట్టుకుని రేవువైపు లాక్కొచ్చారు. ఒడ్డు దగ్గరయ్యేసరికి ఆ పడవాయన ఏదో అరిచాడు. మా ఇంజన్ హోరులో వినపడలేదు. థాంక్స్ చెబుతున్నాడనుకుని మావారు చెయ్యి ఊపారు. చక్రాలు నేలను పట్టుకున్నాయి. మేం వాలెక్కి కార్లు నిలిపే చోటికి వచ్చేశాం.

అత్తగారు వెనక్కి తిరిగారు. "ఒరేయ్, నీళ్లు అయిపోయినా ఆయన మనతోనే వస్తున్నాడురా."

పడవ సిమెంటు మీద గీసుకుంటూ వస్తోంది. ఆయన అందులోనే, గాలం పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మావారు దిగి పరుగున వెళ్లి, "సారీ, వెరీ సారీ" అంటూనే ఆ పడవ ఇంజన్ మూత తీశారు. ఇంధనం ఫిల్టర్ కడిగి బిగించగానే ఇంజన్ పలికింది. పడవాయన తిట్టడం ఆపి మా పంపు దగ్గర వంగి చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే."

ఆయనకు పడవల వర్క్‌షాపు ఉందట. సోమవారం రమ్మన్నాడు. మావారికి అక్కడ అప్పగించిన మొదటి పని ఆ పడవ అడుగు బాగుచేయడం.

ఏడాది తిరక్కుండా మా కంపెనీ నాలాంటి కాంట్రాక్టు వాళ్లనందరినీ సాగనంపింది. నాకు మళ్లీ పని దొరికేదాకా ఇల్లు నడిపింది మావారి ఉద్యోగమే. తర్వాత మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు, ప్లాన్ వేసినాయన ముందు ఈ పడవలారీకి షెడ్డు గీసి, మిగిలిన జాగాలో ఇంటిని సర్దాడు. ఏటా దీని తుప్పు గీకి, గ్రీజు పెట్టి, రంగు వేస్తాం. నేనూ నడపడం నేర్చుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత ఒక వానరోజు మా కారు స్టార్టవక, హైస్కూలుకొచ్చిన మా అమ్మాయిని ఈ పడవలారీలోనే స్కూలుకు తీసుకెళ్లాను. సీటులో కిందికి జారిపోయి, "అమ్మా, డ్రాప్ మీ ఎట్ ద కార్నర్, ప్లీజ్" అంది.

నాకూ అలాగే దింపాలని ఉంది. కానీ ఆ మూల దగ్గర అంత బండి తిరగదు. స్కూలు గేటు దాకా వెళ్లాల్సి వచ్చింది.