టాంకు మీద పొడుగు గొట్టం

ఆఫీసులోకి స్పిరిట్ వాసన వస్తోందట. అందుకని టాంకు మీద గొట్టం పొడిగించారట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రాయగడ దగ్గర ఆ ఫ్యాక్టరీలో స్పిరిట్ టాంకుకి ఫ్లేమ్ అరెస్టర్ డిజైన్ చేసింది నేనే. టాంకులో గాలి వచ్చిపోయే గొట్టానికి చివర బిగించే డబ్బా అది. లోపల ముడతలు పెట్టిన సన్నటి స్టీలు రేకు చుట్ట ఉంటుంది. బయట నిప్పు అంటుకుంటే, ఆ సందుల్లో దూరిన మంట వేడి పోయి అక్కడే ఆరిపోతుంది. డబ్బా తర్వాత ఇంకేమీ తగిలించకూడదని డ్రాయింగు మీద పెద్ద అక్షరాలతో రాశాను. ఎవడు చదివాడు?

మేం అప్ప అని పిలుచుకునే మా అక్క భర్త, అంటే మా బావ, ఆ టాంకు దగ్గరే ఆపరేటరు. రోజూ పైకెక్కి, లోపలికి టేపు దించి సరుకు కొలుస్తాడు.

పోయిన వానాకాలం కొరాపుట్‌లో రైలెక్కి తనిఖీకి వెళ్లాను. గేటు దాటగానే నా కళ్లు టాంకు మీదికి పోయాయి. నా డబ్బాకి తగిలించిన గొట్టం ప్రహరీ గోడ దాకా పోయింది. గోడ అవతల లారీ డ్రైవర్ల టీ కొట్టు, కట్టెల పొయ్యి.

మేనేజరు నవ్వాడు. "అరెస్టర్ తియ్యలేదు కదా మేడమ్, అక్కడే ఉంది."

"అక్కడే ఉంది కనకే పనికిరాదు!" అని అరిచాను. స్పిరిట్ ఆవిరి నిండిన పొడుగు గొట్టంలో మంట పరుగెత్తేకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఆ వేగాన్ని నా రేకు చుట్ట ఆపలేదు. మంట దాన్ని దాటుకుని టాంకులోకి పోతుంది. "మీ ముక్కు కోసం మనుషుల్ని కాలుస్తారా?"

"ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా," అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

అప్పుడు చూశాను, బావ టాంకు మీదే ఉన్నాడు. "బావా, దిగు!" అని గొంతు చించుకున్నాను.

నింపాదిగా దిగాడు. "ఏటమ్మీ, ఏటయింది? నువ్వెట్టిన డబ్బా ఉంది కదా, నాకేటి బయం?"

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే అంతా చెప్పాను. బావ కొలత టేపు మేనేజరు ముందుకు చాచాడు.

"ఈపాలి తవరెక్కండి బాబూ."

మేనేజరు అందుకోలేదు. మిగతా ఆపరేటర్లు కూడా టాంకు ఎక్కబోమని తేల్చి చెప్పేశారు. సాయంత్రానికల్లా బోల్టులు విప్పి గొట్టం దించారు.

బావ నన్ను బండి మీద ఇంటికి తీసుకెళ్లాడు. వీధి మలుపులో బండి ఆపి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"మీ అప్పకి సెప్పకమ్మీ. రేపు మళ్లీ ఎక్కాల కదా."