దక్షిణపు గాలికి ఎదురు నడిపి కొన్న కారు

చేపల తట్ట ఉందని మేరమ్మను బస్సులోంచి దించేయడం ఈ ఏడాది నా కళ్లతో నేను చూసిందే మూడుసార్లు. చేపల పులుసుకు లొట్టలు వేసే జిల్లాకు చేపలమ్మే మనిషి వాసన గిట్టదా? ఆ కోపమే ఈ ప్రయాణానికి మొదలు. జువ్వలదిన్నె రేవులో మధ్యాహ్నం దిగిన సరుకును సాయంత్రానికి నెల్లూరు బజారుకు చేర్చి, దారిలో ఛార్జింగు అడగకుండా మళ్లీ రేవు పక్కనున్న ఇల్లు చేర్చే పాత కరెంటు కారు ఆమెకు కావాలి. దొరక్కపోతే సరుకంతా రేవులోనే దళారికి అయినకాడికి ఇచ్చేయాల్సిందే. కరెంటు కార్లు పట్నం షోకు అనే పెద్దమనుషులు దయచేసి చివరిదాకా చదవండి.

నెల్లూరులో పాత కార్లమ్మే కుర్ర యజమాని నాలుగేళ్ల కారు చూపించాడు. ఆరున్నర లక్షలు, ఒక్క ఛార్జింగుకు రెండు వందల యాభై కిలోమీటర్లు గ్యారంటీ అన్నాడు. నడిపి చూస్తామన్నాం. పదకొండింటికి నిండు ఛార్జింగుతో, యజమానితో కలిసి ముగ్గురం హైవే ఎక్కి, బోగోలు మండలంలోకి తిరిగి, పన్నెండుంబావుకు రేవు చేరాం. యాభై ఐదు కిలోమీటర్లు. స్టీరింగు మేరమ్మదే, లైసెన్సు నిరుడే తీసుకుంది. తెరమీద ఇంకా డెబ్బై నాలుగు శాతం ఉంది.

"చూసినావా అక్కా, ఇరవై ఆరే ఖర్చయింది! రానూ పోనూ యాభై రెండు వేసుకో. బేరం ముగిద్దాం" అన్నాడు యజమాని.

నాకూ ఆ లెక్క సబబుగానే తోచింది. మేరమ్మ మాత్రం తన కొంగు ఎటు ఎగురుతోందో చూస్తోంది.

"దక్షిణం గాలి నాయనా. ఇందాకటిదాకా వెనక నుంచి తోసింది. పోయేటప్పుడు మొహాన కొడతాది. పైగా ఒట్టి కారు తోలుకొచ్చినాం. ఐసు డబ్బాలు ఎత్తు."

"సీట్లు కంపు కొడతాయి గదక్కా!"

"మీ ఇంట్లో పులుసు కాగితే ఏం వాసనొస్తాదబ్బా, మల్లెపూలా?"

రేవులో ఆడవాళ్లు ఒకటే నవ్వు. అతనే వెనక సీటు సగం మడిచి, నూట పాతిక కిలోల సరుకు ఎక్కించాడు.

ఒకటిన్నరకు బయలుదేరి, పావుతక్కువ మూడింటికి నెల్లూరు చేరాం. మిగిలింది ముప్పై ఆరు శాతం. అదే దారి, అదే వేగం. ఈసారి ముప్పై ఎనిమిది ఖర్చు!

"రానూ పోనూ అరవై నాలుగు. నా పనికి చాలు, తీసుకుంటా" అంది మేరమ్మ. "కానీ ఈ లెక్కన నిండు ఛార్జింగుకు నూట డెబ్బై కిలోమీటర్లు పోయే బండికి రెండొందల యాభై పోయే బండి రేటు ఎందుకియ్యాల?"

యజమాని నావైపు చూశాడు. "ఆమెతో మాట్లాడు, కొనేది ఆమె" అన్నాను. ఐదు లక్షల అరవై వేలకు దిగాడు.

ముప్పై ఏళ్లుగా సమానత్వం గురించి సభల్లో గొంతు చించుకుంటున్నవాణ్ణి. ఆ సాయంత్రం బజారు ముందు సొంత కారు ఆపి, తూకం కాటా దించుకుంటున్న మేరమ్మను చూసినప్పుడు కలిగినంత గర్వం ఏ చప్పట్లకూ కలగలేదు. బ్యాటరీని కంపెనీ కాగితం కన్నా బాగా చదివింది ఆమె. చదువు లేదని ఈ మనుషులను తీసిపారేసే చదువుకు ఏం విలువ?

కొనబోయేవాళ్లకు ఒక్క మాట: మీ అసలు బరువుతో, ఒక వైపైనా ఎదురుగాలి తగిలేలా, రానూ పోనూ నడపండి. రెండు వైపుల ఖర్చూ కలిపిన అంకె పట్టుకుని బేరానికి కూర్చోండి.