పైపుల మావయ్య డాక్టరు గారిని అడిగిన డౌటు

పైపుల మావయ్యకి లోకంలో ఏ సంగతైనా పైపుల్లోంచే అర్థమవుతుంది. ముప్పై ఏళ్లు ప్లంబింగు చేసిన మనిషి కదా, పోనీలే అనుకోవచ్చు. కానీ ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే "మీ బాత్రూము ఎటండీ?" అని అడిగి, లోపలికెళ్లి ఫ్లష్ నొక్కి చూసి, బయటికొచ్చి నలుగురిలో నివేదిక చదివితే ఎలా? పక్కింటాయన పోయినప్పుడు పరామర్శకి వెళ్లి, ఆయన భార్యని ఓదార్చి, అదే ఊపిరిలో "లోపల కుళాయి కారుతోందమ్మా, రేపొచ్చి వాషరు మారుస్తాను" అన్నాడు. ఏడుస్తున్న ఆవిడ అలాగే నోరు తెరిచి ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి మార్చాడు కూడా.

మేనకోడలు బళ్లో లెక్కల టీచరు. ఆమెకి మావయ్యంటే ప్రాణం, మావయ్య నోరంటే హడలు. ఆమెకి పెద్దపేగులో పుండ్ల జబ్బు, అదే అల్సరేటివ్ కొలైటిస్, ఉందని తేలిన రోజు ఇంటిల్లిపాదీ గుసగుసలాడుతుంటే, మావయ్య మాత్రం వీధికి వినబడేలా "లీకేజీ ఏ జాయింటు దగ్గర?" అన్నాడు.

"మావయ్యా, అది పేగు!"

"అయితే ఏం? ఒక చివర పోస్తే ఇంకో చివర వస్తుంది. దాన్ని పైపు అనక ఏమంటారు?"

పోయిన ఏడాది జబ్బు తిరగబెడితే స్టెరాయిడ్ మాత్రలు మింగింది. విరేచనంలో రక్తం పడటం ఆగింది. దాంతోపాటు నిద్రా పోయింది, మొహం గుండ్రంగా ఉబ్బింది. వృత్తం గీయండర్రా అంటే తొమ్మిదో తరగతి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. హఠాత్తుగా ఆపితే ప్రమాదమన్నారు కాబట్టి వారం వారం మోతాదు తగ్గించుకుంటూ, రోజులు లెక్కపెట్టుకుంటూ మానేసింది. అందుకే మళ్లీ రక్తం కనబడగానే ఆమె గుండె జారిపోయింది.

ఈసారి పుండ్లు పేగు చివరి భాగంలోనే ఉన్నాయని, మాత్రల బదులు డాక్టరు గారు స్టెరాయిడ్ నురగ రాశారు. రోజూ పడుకోబోయే ముందు కింది నుంచి లోపలికి ఎక్కించుకోవాలి. డబ్బా తెచ్చుకుంది. పెట్టె మీద వాడే పద్ధతి బొమ్మ చూసింది. చూసి, డబ్బాని అలాగే బాత్రూము అద్దం వెనక అరలో పెట్టేసింది. రేపు మొదలుపెడదాం అనుకుంది. మూడు వారాల రేపులు గడిచిపోయాయి.

ఇవాళ మళ్లీ చూపించుకోవాలి. మావయ్య వస్తానన్నాడు. వద్దంది. వచ్చాడు. వచ్చీ రాగానే ఆస్పత్రి బాత్రూము తనిఖీ చేసి, "మూడో తలుపు మంచిది, గడియ పడుతోంది" అని హాలంతా వినేలా ప్రకటించాడు. ఆమెకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోపల డాక్టరు గారు అడిగారు. "నురగ రోజూ వాడారా?"

"వాడానండీ."

"ఏమీ తగ్గలేదా?"

"లేదండీ."

"అయితే అది పనిచేయలేదన్నమాట. మళ్లీ మాత్రలు మొదలుపెడదాం, పెద్ద మోతాదుతో. వాటికీ లొంగకపోతే ఆస్పత్రిలో చేరి నరంలోకి ఎక్కించుకోవాలి."

ఆమెకి నిజం చెప్పేయాలని ఉంది, కానీ ఆ పెట్టె మీది బొమ్మ గుర్తొచ్చి తల దించుకుంది. డాక్టరు గారి కలం కాగితం మీద ఆనింది.

"నాదో డౌటండీ" అన్నాడు మావయ్య. ఆమె కళ్లు మూసుకుంది. "లీకు చివరి జాయింటు దగ్గరుంటే కింది నుంచి మందు, లైనంతా ఉంటే పై నుంచి. అంతేనా?"

డాక్టరు గారు నవ్వారు. "దాదాపు అంతే."

"మరి ఆ నురగ వాడకపోతే పనిచేయదు కదండీ?"

"వాడకపోతే ఎలా పనిచేస్తుంది?"

"తప్పు నాదేనండీ. కింది నుంచి మందేమిటి, ఎక్కడా వినలేదు, మానేయ్ అని నేనే అన్నాను. పెద్దవాడి మాట కాదనలేక పిల్ల మానేసింది. మీ ముందు నన్ను పట్టివ్వలేక వాడానంటోంది."

ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. పోయిన ఆదివారం మాత్రం, చక్కగా పనిచేస్తున్న ఆమె బాత్రూము కుళాయిని విప్పి గంటసేపు కూర్చున్నాడు. సీలు తీయని డబ్బా అప్పుడే కంటబడి ఉంటుంది.

డాక్టరు గారు కలం పక్కన పడేశారు. "ఇంత వయసొచ్చింది, మందు మాన్పిస్తారా? ఆవిడకి ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు?"

"బుద్ధొచ్చిందండీ" అని మావయ్య తల వంచుకున్నాడు.

ఆ వంచిన తల చూసి ఇక ఆమె వల్ల కాలేదు. "మావయ్య ఏమీ అనలేదండీ. నాకే సిగ్గేసింది. నాకు చేతకాలేదు."

డాక్టరు గారి గొంతు మెత్తబడింది. "చాలామందికి ఇలాగే అవుతుంది. ఎలా వాడాలో నర్సు చూపిస్తారు. రెండు వారాలు సరిగ్గా వాడి చూద్దాం. ఈలోగా రక్తం ఎక్కువైనా, జ్వరమొచ్చినా ఆగకుండా వచ్చేయండి. అప్పుడు మాత్రలే. సరేనా?"

నర్సు రాకముందే మావయ్య లేచాడు. "మీ కారిడార్లో ఓ కుళాయి చూడాలి" అంటూ బయటికెళ్లి, తలుపు తనే దగ్గరగా వేశాడు.

అరగంటకి ఆమె బయటికొచ్చింది. భయం పోలేదు. రెండు వారాల తరవాత ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? మావయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నా మూలంగా తిట్లు తిన్నావు మావయ్యా" అంది.

"అవీ ఓ తిట్లేనా?" అన్నాడు ఆయన బాధగా. "తొందరపడి నిజం చెప్పేశావు గానీ, ఇంకాస్త ఆగుంటే మీ అత్త ఎలా తిడుతుందో ఆ డాక్టరమ్మకి నేర్పించి వచ్చేవాణ్ణి."

హాల్లో జనం తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది ఆమె. తరవాత గడియ పడే ఆ మూడో తలుపు ఎటో ఆయన్నే అడిగింది.