ముబీనా ఆగిన చోట

మొన్న జమ్మలమడుగు శాఖా గ్రంథాలయంలో వారపత్రికలు తిరగేస్తుంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుంది. "అక్కా, నా క్లాసులో ఒక పిల్లోడు గడగడా చదువుతాడు. ఏం చదివినావురా అంటే నా మొహం చూస్తాడు. వానికి చదువొచ్చినట్టా, రానట్టా?" అని అడిగింది. ఆ ప్రశ్నతో నేనూ ఒకప్పుడు తంటాలు పడ్డాను. నాలుగో తరగతి పిల్ల ఒకతె, వాళ్ల నాయనమ్మ కలిసి నాకు దారి చూపించారు. ఆ అమ్మాయికి చెప్పిన జవాబు ఆమెతోనే ఆగిపోకూడదని ఇది రాస్తున్నాను. తడబడే పిల్లలను అందరూ పట్టించుకుంటారు. చక్కగా చదివే పిల్లల్లో కూడా ఒక లోపం ఉండొచ్చని ఎవరూ అనుకోరు.

కరోనా సెలవుల తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది అది. జమ్మలమడుగు నుంచి షేర్ ఆటోలో పోయే దూరంలో, నాపరాయి గనుల మధ్య ఉన్న ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల. ఉపాధ్యాయులం ఇద్దరమే. హెడ్మాస్టరు ఓబులేసు సారు లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు చెప్పేదాన్ని. మిగతావి ఆ రోజు ఎవరికి గొంతు బాగుంటే వాళ్లు.

నేను పుట్టింది పులివెందులలో. ఇంటర్ కాగానే పెళ్లయి జమ్మలమడుగు వచ్చాను. డి.ఎడ్. తర్వాత చేశాను, అది ఉద్యోగానికి పనికొచ్చింది. పిల్లలకు చదవడం ఎలా నేర్పాలో మాత్రం గ్రంథాలయంలోనే నేర్చుకున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు గర్వమే తప్ప మొహమాటం లేదు. మధ్యాహ్నాలు మగవాళ్లు దినపత్రికల బల్ల చుట్టూ మూగితే, నేను బీరువాల వైపు పోయేదాన్ని. గ్రంథపాలకులు వెంకటసుబ్బయ్య గారు, "ఏమ్మా, ఈ అర అయిపోయిందా, పక్క అరకు పోతాండావే" అని నవ్వేవారు. అక్కడే, అట్ట ఊడిన ఒక బోధనా పద్ధతుల పుస్తకంలో రెండు మాటలు మొదటిసారి చూశాను. ఒకటి ఫ్లూయెన్సీ, అంటే తడుముకోకుండా చదవడం. రెండోది కాంప్రెహెన్షన్, అంటే చదివినది అర్థం చేసుకోవడం. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదని ఆ పుస్తకం చెప్పింది. నేను తలూపి పేజీ తిప్పాను.

ముబీనాను చూశాక ఆ పేజీకి మళ్లీ పోవలసి వచ్చింది.

బడిలో అందరికంటే బాగా చదివే పిల్ల ముబీనా. ఎవరైనా అధికారి బడికి వస్తే ఓబులేసు సారు ముందు ఆమెనే నిలబెట్టేవారు. ఒత్తులు, దీర్ఘాలు ఒక్కటి కూడా జారవు. పాఠం కింద ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టి రాసేది కాబట్టి పరీక్షల్లోనూ మంచి మార్కులే. వాళ్ల నాయన మస్తాన్ కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో అమ్మ రేష్మా, నాయనమ్మ ఖాజాబీ. ముబీనా ఆమెను దాదీ అని, నాయనను అబ్బా అని పిలుస్తుంది.

మస్తాన్ సెలవు మీద ఊరికి వచ్చి, ఒకరోజు ఖర్జూరాల డబ్బా పట్టుకుని బడికి వచ్చాడు.

"బాగుండారా టీచరమ్మా? మా పాప ఎట్ల చదువుతాంది?"

"మీరే వినండప్పా" అని ముబీనాను లేపాను. కరువు ఊళ్లో కొత్త బావి తవ్వే పాఠం అది. ముబీనా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఆగకుండా చదివేసింది. మస్తాన్ మొహం వెలిగిపోయింది.

"మాషా అల్లా! శానా బాగా చదివినావు బేటా. సరే, బావిలో నీళ్లు పడినాక మొదటి కడవ ఎవురికి పోసినారు?"

ముబీనా పుస్తకం చూసి మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

"చదవొద్దు, చెప్పు."

"చదివితి గదా అబ్బా! ఒక్క తప్పు గూడా పోలే."

"తప్పు పోలేదులేమ్మా. ఎవురికి పోసినారు అంటాండా."

ముబీనా నా వైపు చూసింది. నేను ఇంకో రెండు సులువైన ప్రశ్నలు అడిగాను. బావి ఎందుకు తవ్వారో కూడా తెలియదు. మొక్కకు పోశారని వెనక బెంచీ నుంచి శివ అందించాడు. శివ కూడబలుక్కుని చదివే పిల్లాడు.

మస్తాన్ ఖర్జూరాల డబ్బా బల్ల మీద పెట్టి లేచాడు. "మా తమ్ముడు ప్రొద్దుటూరులో ఒక ఇంగ్లీష్ మీడియం స్కూలు చూసి పెట్టినాడు. హాస్టల్ గూడా ఉందంట. నేను మళ్ల పోయేలోపల ఆడ చేర్చి పోతా. మీ మీద కోపం కాదు టీచరమ్మా. నేను యాడనో ఎండలో కారు తోలేది దేనికి?"

ముబీనా బావురుమంది. "నేను దాదీ దగ్గరనే పండుకుంటా. హాస్టల్‌కు పోను!"

ఆయన బాధ న్యాయమైనదే. అయినా ఆ పిల్లను బడి మార్చినంత మాత్రాన చదివే తీరు మారదని నాకు తెలుసు. "మీ సెలవు అయిపోయేదాకా గడువు ఇవ్వండి. అప్పుడు మీరే పరీక్ష పెట్టండి. పాప ఎప్పుడూ చూడని పుస్తకం గ్రంథాలయం నుంచి నేను తెస్తా" అన్నాను.

"సరే. అప్పుడు గూడా ఇట్లనే అయితే నన్నేమీ అనగాకండి."

ఆ వారమంతా ముబీనా చదువును గమనించాను. బడికి రాకముందు పొద్దున్నే మసీదులో అరబ్బీ చదువుకు పోతుంది. ఆ వయసు పిల్లలకు అక్కడ అక్షరం తప్పకుండా, మధ్యలో ఆగకుండా చదవడమే చదువు. అర్థం పెద్దయ్యాక నేర్చుకుంటారు. ఇందులో నాకు వింతేమీ కనబడలేదు. పులివెందులలో మా అవ్వ రోజూ సహస్రనామం అలాగే చదివేది. మధ్యలో పలకరిస్తే చేత్తోనే కసిరేది. ఆ చదువుకు ఆ మర్యాద ఉంది. ముబీనా చేసిన పొరపాటల్లా అదే మర్యాదను తెలుగు వాచకానికీ ఇవ్వడం. ఆగడమంటే ఆ పిల్ల లెక్కలో తప్పు పోవడమే.

జబ్బు తెలిసింది కానీ మందు తెలియలేదు. రేష్మాతో మాట్లాడదామని ఒక సాయంత్రం వాళ్లింటికి పోయాను. టీవీలో తెలుగు సీరియల్ నడుస్తోంది. ఖాజాబీకి అంగట్లో బేరమాడేంత తెలుగు వచ్చు కానీ, సీరియల్ మాటలు అంత వేగంగా అందవు. పక్కన కూర్చున్న ముబీనా ఎప్పటికప్పుడు ఉర్దూలో చెబుతోంది. ఆమె ప్రతిదానికీ "కైకు?" అంటోంది. కైకు అంటే ఎందుకు అని. కోడలు ఇల్లు విడిచిందని చెబితే కైకు, అత్త ఏడ్చిందని చెబితే కైకు. ముబీనా చేతులు తిప్పుతూ, పోయిన వారం జరిగింది కూడా కలిపి విడమరిచి చెబుతోంది. బావి ఎందుకు తవ్వారో చెప్పలేని పిల్ల ఈమేనా అని నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. వినేవాళ్లు ఎదురుగా ఉండి అడుగుతుంటే ఆ పిల్లకు అన్నీ అర్థమవుతున్నాయి.

మర్నాటి నుంచి ముబీనాకు ఒకటే పని పెట్టాను. బడిలో పాఠం తనలో తాను చదువుకోవాలి. పుస్తకం బడిలోనే వదిలి, ఇంటికి పోయి దాదీకి ఉర్దూలో చెప్పాలి. దీన్ని పుస్తకాల్లో రీటెల్లింగ్ అంటారు, అంటే సొంత మాటల్లో తిరిగి చెప్పడం. మా పల్లెలో మాత్రం దీనికి దాదీ హోంవర్క్ అని పేరు పడింది.

మొదటి రోజు పాఠం దాదీకి చెప్పి, మర్నాడు ముబీనా ఉసూరుమంటూ బడికి వచ్చింది. "టీచర్, దాదీ ఒప్పుకోలే. ఇది కతేనా అనింది."

"ఏం చెప్పినావు?"

"బావి తవ్వినారు, నీళ్లు పడినాయి, అయిపోయింది అని చెప్తి."

"మరి దాదీ ఏం అడిగింది?"

"తవ్వినోళ్లు ఎండలో తవ్వినారు గదా, వాళ్లు తాగకుండా మొక్కకు కైకు పోసినారు, వాళ్లకు దప్పిక కాలేదా అని. టీచర్, నిజంగానే వాళ్లకు దప్పిక కాలేదా?"

ఆ పిల్ల ఒక పాఠం గురించి నన్ను ప్రశ్న అడగడం అదే మొదలు. నేను జవాబు చెప్పకుండా తరగతిని అడిగాను. శివ లేచి, "మా నాయనైతే ముందు తనే తాగుతాడు టీచర్. మిగిల్తే మాకు" అన్నాడు. ముబీనా పుస్తకం లాక్కుని, వేలు పెట్టి వెతికి, "ఈడుంది! ఆ మొక్క కరువులో చచ్చిపోకుండా నిలబడిందంట. అందుకే దానికి పోసినారు" అని అరిచింది. తరగతి అంతా "కైకు? కైకు?" అని బెంచీలు వాయించారు. పక్క గది నుంచి ఓబులేసు సారు తొంగి చూసి, "ఏందమ్మా, తెలుగు పీరియడ్లో ఉర్దూ గోల!" అని, విషయం తెలిసి తనూ ఒక కైకు వేసి పోయారు.

పదజాలానికి ఇంకో ఏర్పాటు చేశాను. చదువుతూ తెలియని మాట దగ్గర ఆగి చెయ్యెత్తినవాళ్లే ఆ రోజు భోజనం గంట కొట్టాలి. శివ తెలిసిన మాటల దగ్గర కూడా ఆగేవాడు.

"పిల్లి అంటే తెలీదా నీకు?"

"మా ఇంటి పిల్లి తెలుసు టీచర్. ఈ పుస్తకంలో పిల్లి ఎట్లాంటిదో ఏమో!"

ముబీనా మాత్రం ఒక్కసారి కూడా గంట కొట్టలేదు. కథలు బాగా చెబుతోంది కానీ, తెలియని మాటలు దాటేసి పోతూనే ఉంది. మస్తాన్ ప్రయాణం దగ్గర పడేకొద్దీ నాకు అదే బెంగ. దాటేసిన మాటలోనే అసలు సంగతి ఉంటే ఆ పిల్ల మళ్లీ మొదటికే వస్తుంది.

పరీక్ష రోజు ఆదివారం. మస్తాన్ ఇంట్లో పెట్టెలు సర్దుతున్నారు. రేష్మా ఊరగాయ సీసాకు టేపు చుడుతోంది. వెంకటసుబ్బయ్య గారు ఏరి ఇచ్చిన కథల పుస్తకం అందిస్తే, మస్తాన్ మధ్యలో ఒక కథ తెరిచి ముబీనా చేతికిచ్చాడు. సంతకు పోయే జనంతో పడవ ఏరు దాటుతుంటుంది. ఒక అవ్వ తట్టలోని కోడిపిల్లలు గాలికి నీళ్లలో పడతాయి. ముబీనా ఎప్పటిలాగే గలగలా మొదలుపెట్టింది. రెండో పేజీ మధ్యలో ఆగిపోయింది.

"ఏందే, చదువు" అన్నాడు మస్తాన్.

"ఉండబ్బా."

రేష్మా చేతిలో టేపు ఆగిపోయింది. మస్తాన్ నా వైపు తిరిగి, "చూడండి టీచరమ్మా. ముందు ఆగకుండానన్నా చదువుతాండె. ఇప్పుడు అదీ పాయె!" అన్నాడు.

నాకు మాత్రం లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"చుక్కాని అంటే ఏందో నాకు తెలీదు" అంది ముబీనా, పేజీ మీది నుంచి కళ్లెత్తకుండా. పై వాక్యం మళ్లీ చదివింది, కింది వాక్యం చదివింది. "పడవాయన చుక్కాని తిప్పినాడంట, పడవ ఎనక్కి తిరిగిందంట. అబ్బా! నీ కార్లో స్టీరింగ్ మాదిరి!"

ముబీనా మిగతాది చదివి, పుస్తకం మూసి, మంచం మీద కూర్చున్న దాదీకి కథంతా ఉర్దూలో చెప్పింది. సంతకు ఆలస్యమవుతుందని జనం తిడుతున్నా పడవాయన వెనక్కి తిప్పాడని చెప్పగానే ఖాజాబీ, "కైకు?" అంది.

"పుస్తకంలో రాసుందా?" అని మస్తాన్ తెలుగులో అడిగాడు.

"రాయలే అబ్బా. అయితే ఆ అవ్వ పడవెక్కేటప్పుడు, ఇవి అమ్మితేనే మనవరాలికి పలక కొనేది అనింది గదా. అది పడవాయన ఇన్నాడు. అందుకే."

రాయని సంగతిని రాసిన మాటల నుంచి పట్టుకోవడాన్ని ఇన్ఫరెన్స్ అంటారు. పెద్దవాళ్లకే చాలాసార్లు అందదు. నేను అది మస్తాన్‌కు చెప్పబోయాను. ఆయన అప్పటికే ఫోన్ తీసి తమ్ముడితో మాట్లాడుతున్నాడు. "ఆ హాస్టల్ సీటు వద్దులేరా. పాప ఈడనే చదువుతాది. ఎందుకా? వచ్చి కత చెప్పించుకో, తెలుస్తాది." ఖాజాబీ ఈ మాటలేవీ పట్టించుకోకుండా, కోడిపిల్లలన్నీ దొరికాయా లేదా అని మనవరాలి చెయ్యి లాగుతోంది.

ఆ తర్వాత నేను పిల్లలు ఎంత వేగంగా చదువుతున్నారని చూడటం మానేశాను. ఎక్కడ ఆగుతున్నారు, ఆగి ఏం చేస్తున్నారు అని చూస్తున్నాను. అర్థం కాలేదని తెలిసిన పిల్లకు అర్థం చేసుకోవడం మొదలైనట్టే. ఇంకో సంగతి కూడా తెలిసింది. చదివింది వినడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటే చాలు, ఆ మనిషికి అక్షరాలు రాకపోయినా ఫరవాలేదు.

పాఠం మధ్యలో అంత గోలను ఓర్చుకున్న ఓబులేసు సారుకు, నా కార్డు నిండిపోతే తన కార్డు మీద పుస్తకాలు ఇచ్చిన వెంకటసుబ్బయ్య గారికి, ఆ పుస్తకాల సంచిని సీటు మీద పెట్టుకోనిచ్చిన ఆటో దస్తగిరికి, తరగతిని నవ్విస్తూ అందరికీ ఆగడం అలవాటు చేసిన శివకు, సీరియల్ మానుకుని కథలకు చోటిచ్చిన రేష్మాకు, ఇచ్చిన గడువు మాట మీద నిలబడిన మస్తాన్‌కు, ప్రతి సాయంత్రం ఓపికగా అడిగిన ఖాజాబీకి, ఇప్పుడు జమ్మలమడుగు హైస్కూల్లో చదువుతూ గ్రంథాలయంలో నా ఎదురు కుర్చీలో కూర్చునే ముబీనాకు నా కృతజ్ఞతలు.