పాత కంప్యూటర్, పెద్దమ్మ రీలు

నా బిడ్డ మొన్నటి వానల్లో పోయింది. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్లాం, తిరిగి తెచ్చుకోలేకపోయాం. ఫిల్మ్ నగర్ ఆఫీసుల్లో ఆమెను ఎరిగినవాళ్లలో కొందరికి ఇంకా తెలియదు. "షో రీల్ చేసే అమ్మాయి ఉందా?" అని ఇప్పటికీ ఫోన్ చేస్తున్నారు. లేదు. ఆ ఒక్క మాట అందరికీ ఒకసారే చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

నేను సినిమాల్లో కాస్ట్యూమ్ సెక్షన్‌లో టైలర్‌ని. మాది రహమత్ నగర్‌లో కిరాయి ఇల్లు. నా బిడ్డ ఎడిటింగ్ నేర్చుకుని, ఒక ఆఫీసు మూసేస్తుంటే వాళ్ల పాత కంప్యూటర్ తెచ్చుకుంది. వేషాల కోసం తిరిగేవాళ్లు తాము చేసినవన్నీ చిన్న వీడియోగా కట్టించుకుని ఆఫీసుల్లో చూపిస్తారు, అదే షో రీల్. జూనియర్ ఆర్టిస్టులకు అలాంటివి చేసిపెట్టేది. గుంపులో ఎక్కడో వెనకున్న ముఖాన్ని వెతికి వెతికి పట్టుకునేది.

"గీడున్నవ్ చూడు పెద్దమ్మా, హీరో భుజం ఎన్క! ఆ భుజం జర జరిపితే నువ్వే హీరోయిన్!" అని పక్క పోర్షన్‌లో ఉండే అక్కను నవ్వించేది.

టీ గ్లాసు కంప్యూటర్ మీద పెట్టొద్దని నన్ను తిట్టేది, తను మాత్రం అక్కడే పెట్టేది. దాని డబ్బా విప్పే ముందు ప్రతిసారీ కిటికీ ఊచను ముట్టుకునేది. మొక్కుకుంటోంది కాబోలు అనుకున్నాను.

"ఏందే, కంప్యూటర్‌కు గూడ దండమా?" అని అడిగాను.

"దండం గాదమ్మా. ఒంట్ల కరెంటుంటది, ఇనుము ముట్టుకుంటె పోతది. లేకుంటె మెమరీ ఖరాబైతది."

"మరి దేవునికెప్పుడు పెడ్తవ్?"

"దేవునికి నువ్వున్నవ్ గదా!"

ఆ పక్క పోర్షన్ అక్క జీవితమంతా గుంపులోనే నిలబడింది. ఆ వానలప్పుడే ఒక సినిమా ఆఫీసు వాళ్లు అత్త వేషం ఉంది, మాటలున్న వేషం, వీడియో పంపండి అన్నారు. నా బిడ్డ ఆ రీలు మొదలుపెట్టింది, కానీ తెరిచినప్పుడల్లా కంప్యూటర్ బిగుసుకుపోయేది. "మెమరీ సాల్తలేదమ్మా. ఇంకోటి ఏస్తె నడుస్తది. పెద్దమ్మకు ఇస్తనని చెప్పిన," అంది. ఆ వారమే మంచం పట్టింది.

కర్మలయ్యాక ఆమె స్నేహితురాలు వచ్చి చూసింది. ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో చేసిన పని తన ల్యాప్‌టాప్‌లో తెరుచుకోలేదు. ఇందులోనే తెరవాలి, మెమరీ వేయాలి అంది. ఆఫీసు వాళ్లు సోమవారం దాకే ఆగుతామన్నారు.

"ఇడిసిపెట్టు చెల్లె. నీ దుఃఖం ముంగట నా వేషమెంత?" అంది అక్క.

"నా బిడ్డ ఇస్తనన్నది అక్కా. ఇయ్యకుంటె ఎట్ల?" అన్నాను.

కిటికీ ఊచను ముట్టుకుని డబ్బా విప్పాను. నా బిడ్డ చేస్తుంటే చూసినట్టే రెండు పక్కలా క్లిప్పులు వదులుచేసి పాత మెమరీ పట్టీని బయటికి తీశాను. చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కు పోయినట్టు, దాన్ని రుమాలులో చుట్టుకుని యూసుఫ్‌గూడ దుకాణానికి పోయాను. అద్దాల బల్లలో రకరకాలు ఉన్నాయి. అదే పచ్చరంగు, అంతే పొడుగు ఉన్నదాన్ని నేనే ఏరుకున్నాను. రోజూ చేసే పనే కదా అనుకున్నాను.

ఇంటికొచ్చి పెడితే గాడిలో కూర్చోలేదు. ఇంకాస్త నొక్కుదామని చెయ్యి పోయింది. నా బిడ్డ మాట గుర్తొచ్చి ఆగాను. "పట్టనిదాన్ని నొక్కొద్దమ్మా. దానిదైతె క్లిప్పులు అవే మూసుకుంటయ్." నేను పెళ్లి సంబంధాలు తెచ్చినప్పుడు కూడా ఇదే అనేది.

మళ్లీ దుకాణానికి పోయాను.

"రంగు చూసి కొంటివా అమ్మా? ఇదేమన్న జాకెట్ ముక్కనా?" అని నవ్వాడు దుకాణాయన.

"జాకెట్ ముక్కైతే నీ దగ్గరికెందుకొస్త? నవ్వుడు తర్వాత, తేడా ఏందో చూపియ్."

రెండూ పక్కపక్కన పెట్టి కింది అంచున ఉన్న గాటు చూపించాడు. ఒకదానికి కొంచెం ఇటు, ఒకదానికి కొంచెం అటు. "నీది డీడీఆర్ త్రీ రకం, నువ్వు కొన్నది ఫోర్. ఎంత పెద్ద మెమరీ అయినా గాటు కలవకుంటె పట్టదు. త్రీ కొత్తయి నా తాన లేవు. కొత్త కంప్యూటర్ కొనుక్కోరాదు?"

"నాకు కొత్తది వద్దు. ఇది నడవాలె."

ఎందుకని అడిగాడు, చెప్పాను. విప్పిన పాత కంప్యూటర్ల కుప్పలో వెతికి ఒక మెమరీ తీశాడు. మీద రాసిన అంకెలు నా దాంతో సరిచూసి, తన దగ్గరున్న ఒక కంప్యూటర్‌లో పెట్టి నడిపి చూసి మరీ ఇచ్చాడు.

పాతదాన్ని దాని గాడిలో తిరిగి పెట్టి, పక్క గాడిలో దీన్ని ఈసారి గాటు చూసి పెట్టాను. రెండు క్లిప్పులూ అవే మూసుకున్నాయి.

స్నేహితురాలు వచ్చి రీలు తెరిచింది. ఆగకుండా నడిచింది. గుంపు సీన్లు అయిపోయాక మా వంటింటి గోడ కనిపించింది. అక్క అత్త వేషంలో మాటలు చెబుతోంది. ఎదుట కోడలి మాటలు ఎవరో అందిస్తున్నారు. "అత్తయ్యా, ఆయన ఇంకా రాలేదు. మీకు వడ్డించేయనా?"

మనిషి కనబడదు. గొంతు నా బిడ్డది.

స్నేహితురాలు నా వైపు చూడకుండా అడిగింది. "ఆంటీ, ఆఫీసుకు పంపేటప్పుడు పక్కగొంతు తీసేస్తం. ఉంచమంటే ఉంచుత."

"ఉండనియ్," అంది అక్క ఏడుస్తూ.

"అక్క వేషానికి ఏది మంచిదో అది చెయ్ బిడ్డా," అన్నాను. తీసేసింది. సోమవారం పంపాం. గురువారం అక్కను ఆఫీసుకు రమ్మన్నారు. నేను కుట్టిన జాకెట్ వేసుకుని ఆటో ఎక్కింది.

ఆఫీసుకు పంపిన ఆ వీడియో నా ఫోన్‌లో ఉంది. అక్క ఒక మాట అని ఆగుతుంది. చప్పుడేమీ ఉండదు. కెమెరా పక్కకు, కొంచెం కిందికి చూస్తూ వింటుంది. విని, మెల్లగా నవ్వి, అప్పుడు జవాబు చెబుతుంది.