మిషన్ ఫాదర్ గారికి నేను చూపించని ఇల్లు

మొన్న ఆదివారం గుడిలో పూజ ముగిశాక మా విచారణ గురువులు, అంటే ఇప్పటి ఫాదర్ గారు, ఒక చీటీ తీసి, మిషన్ ఫాదర్ గారు రాజమండ్రి ఆస్పత్రిలో కన్నుమూశారని చదివారు. రెండో చీటీలో పెళ్ళి ప్రకటన ఉంది. అదీ చదివారు. జనం లేచి వెళ్ళిపోయారు. ఇప్పటి కుర్రవాళ్ళకు ఆయన తెలియదు. తెలిసిన మాబోటి వాళ్ళం పదిమందిమి కూడా లేము. అందుకని ఈ నాలుగు మాటలు.

తొంభైల చివర, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఆయన మా ఊరు వచ్చారు. పది రోజుల మిషన్. ఉదయం పూజ, మధ్యాహ్నం ఇళ్ళు తిరగడం, సాయంత్రం ప్రసంగం, చివరి రోజు గుడి ముందు కొయ్య సిలువ పాతడం. కేరళ మనిషి. తెలుగు మన జిల్లాల్లోనే నేర్చుకున్నారు. చిన్న చిన్న వాక్యాలు. కేకలు వేసేవారు కాదు. మొదటి సాయంత్రమే కరెంటు పోయి మైకు ఆగిపోయింది. పీఠం దగ్గర నుంచి దిగి, ఆడవాళ్ళ చాపలకూ మగవాళ్ళ చాపలకూ మధ్య నిలబడి మాట్లాడారు. కరెంటు వచ్చినా పైకి వెళ్ళలేదు. మిగతా రోజులూ అక్కడే.

ఇళ్ళు చూపించే పని నాకు అప్పగించారు. గుడి ఊడ్చేవాణ్ణి, ఎవరిల్లు ఎక్కడో తెలిసినవాణ్ణి. బయలుదేరేముందు ఆయన ఒకటే చెప్పారు.

"గుడికి వచ్చేవాళ్ళను రోజూ చూస్తున్నాను కదయ్యా. రానివాళ్ళ ఇళ్ళు ముందు చూపించు."

అలాగేనండి అన్నాను.

ప్రతి ఇంట్లోనూ ఆయన కోసం పక్కింటి నుంచి కుర్చీ తెచ్చేవారు. ఆయన మాత్రం చాప మీదే కూర్చునేవారు. మంచినీళ్ళు తాగి, "ఈ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదమ్మా?" అని అడిగేవారు. ఒక ముసలావిడ, "మా కోడలు మాట్లాడుద్దండి. మాట్లాడకపోతేనే నాకు సుఖమండి" అంది. లోపల్నుంచి కోడలు, "నేర్పింది ఆవిడేనండి!" అంది. "ఇద్దరూ కలిసి నాకు కాఫీ పెట్టండి" అన్నారు ఫాదర్ గారు. వంటింట్లో గిన్నెల చప్పుడు, దాంతోపాటు గొడవ. కాఫీ మాత్రం బాగానే కుదిరింది.

తొమ్మిది రోజులు తిప్పాను, ఒక్క ఇల్లు తప్పించి. అది లస్కరు ఇల్లు. పంట కాలువ తూములు తెరిచి మూసే ఉద్యోగం ఆయనది. అంతకు మూడేళ్ళ ముందు, దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్ళు చాలక వంతులు పెట్టారు. నా వంతు రాకుండానే తూము తలుపెత్తి నా చేలోకి నీళ్ళు పెట్టుకున్నాను. దిగువ చేలు ఎండిపోయాయి. లస్కరు లంచం తిని నీళ్ళు అమ్ముకున్నాడని ఊరంతా అంది. గుడి పెద్దలు ముగ్గురు ఆయన్ని నిలబెట్టి అడిగినప్పుడు నేనూ ఆ జనంలో ఉన్నాను. నోరు విప్పలేదు. ఫిర్యాదు పైకి వెళ్ళి ఉద్యోగం పోయింది. ఆయన గుడికి రావడం మానేశాడు. ఊళ్ళో రానివాళ్ళలో మొదట చూపించాల్సిన ఇల్లు అదే.

పదో రోజు సిలువ పాతాక లస్కరు భార్య ముందుకు వచ్చింది.

"అందరిళ్ళకీ వెళ్ళారంటగా ఫాదర్ గారూ. మా వీధిలోకే రాలేదేంటండి? మా ఇంట్లో మంచినీళ్ళు తాగకూడదని ఎవరన్నా చెప్పారా అండి?"

ఫాదర్ గారు నా వైపు చూడలేదు. "తప్పు నాదమ్మా. రేపు ఉదయం వస్తాను. ఆ తర్వాతే బస్సెక్కుతాను" అన్నారు.

మర్నాడు కాలువ గట్టు మీద నడుస్తూ ఆయనకు మొత్తం చెప్పేశాను. ఆయన నడక ఆపలేదు.

"నాకు చెప్పావు. మంచిది. అక్కడ నేను మాట్లాడను. నువ్వే."

"నాకు మాటలు రావండి."

"ఎన్ని కావాలయ్యా?"

లస్కరు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఫాదర్ గారిని చూసి లేచాడు. నేను కింద నిలబడే, "అన్నయ్యా, ఆ తూము ఎత్తింది నేను" అన్నాను.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. వల పక్కన పడేసి వీధిలోకి వెళ్ళిపోయాడు. "మూడేళ్ళు నా పిల్లల్ని లంచగొండి పిల్లలన్నార్రా" అంది ఆయన భార్య, తలుపు పట్టుకుని. ఫాదర్ గారు చాప మీద కూర్చుని జపమాల తీశారు. ఒక బస్సు వెళ్ళిపోయింది. రెండోదీ వెళ్ళింది. ఆయన లేవలేదు.

లస్కరు తిరిగొచ్చినప్పుడు వెనక ఆ ముగ్గురు పెద్దలూ ఉన్నారు. "ఇప్పుడు చెప్పరా. వీళ్ళ ముందు చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

తర్వాత అదే సంగతి కాగితం మీద రాసి కాలువల ఆఫీసులోనూ ఇచ్చాను. ఉద్యోగం తిరిగి రాలేదు. ఈస్టరుకు లస్కరు భార్యాబిడ్డలతో గుడికి వచ్చాడు. నాకు దూరంగా కూర్చున్నాడు. మిషన్ ఫాదర్ గారు మళ్ళీ మా ఊరు రాలేదు. కాలువ వెంట వేరే ఊళ్ళలో మిషన్లు జరుపుతున్నారని వినేవాణ్ణి. ఆయన చేసిన ప్రసంగాలు నాకు పెద్దగా గుర్తు లేవు. ఆ మధ్యాహ్నం గుర్తుంది.

ఆ రోజు పెద్దలు వెళ్ళిపోయాక లస్కరు భార్య ఫాదర్ గారికి అన్నం వడ్డించింది. నేను వీధి వైపు తిరిగాను.

"ఎక్కడికిరా? కాళ్ళు కడుక్కో" అన్నాడు లస్కరు.

తనే చెంబు తెచ్చి, గట్టు మట్టి పట్టిన నా పాదాల మీద నీళ్ళు పోశాడు. సగం పోసి ఆగాడు.

"మిగతావి నువ్వే పోసుకో" అని చెంబు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు.

పోసుకుని తలెత్తి చూశాను. ఫాదర్ గారు కంచం ముందు కూర్చుని ఉన్నారు. అన్నంలో ఇంకా చెయ్యి పెట్టలేదు. నేను వచ్చి కూర్చోవాలని ఎదురు చూస్తున్నారు.