ముడి మీద ముడి వద్దన్నాను

ఆ కొండకొమ్ము మీదికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. లారీ కింది క్యాంపులోనే ఆగిపోయింది. అక్కణ్ణుంచి నడక. ఎదురుగాలి. నేను ఆర్మీ సిగ్నల్స్‌లో కెప్టెన్ని. నా కింద ఒక రేడియో ఆపరేటరు, ఒక లైన్‌మన్, రెండు బంకర్లు, యాంటెనా నిలబెట్టిన ముప్పై అడుగుల ఇనప స్తంభం, అంటే మాస్టు. నూజివీడులో మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది, "సిగ్నల్సంటే ఫోన్లెత్తడమేగా?" అని. కాదత్తా. ఈసారైనా చివరిదాకా విను.

లైన్‌మన్‌ది మైలవరం. పటాలంలో చేరకముందు మామిడి కోతలకు వెళ్లినవాడు. తెలుగు మాట్లాడే ఆఫీసరు దొరికిందని సంబరపడ్డాడు. నా నోరు విన్నాక ఆ సంబరం తగ్గింది.

మాస్టెక్కేవాడు నడుముకున్న హార్నెస్ పట్టీకి తగిలించి, మాస్టు చుట్టూ తిప్పుకునే రక్షణ తాడును లాన్యార్డ్ అంటారు. అదుంటే వెనక్కి వాలి రెండు చేతులతో పని చేసుకోవచ్చు. మాకున్నది ఒకటే. దాని కుట్లు ఊడిపోయాయి. కొత్తది కావాలని రేడియోలో అడిగాను.

"వచ్చే కాన్వాయ్‌లో పంపుతాం మేడం."

"కాన్వాయ్ ఎప్పుడు?"

"దారి తెరిచాక మేడం."

ఆ వారంలోనే గాలి యాంటెనాను పక్కకు తిప్పేసింది. మా పెట్రోలింగ్ జట్టు అప్పటికే లోయ అవతలుంది. సాయంత్రం వాగు వెంట తిరిగి రావాలి. పొద్దుటినుంచి ఆ వాగులోకి మంచు విరిగి పడుతోంది. రావద్దని వాళ్లకు చెప్పాలి. ఆపరేటరు అరుస్తూనే ఉన్నాడు. అవతలినుంచి బరబర తప్ప మాట లేదు.

"ఎక్కేస్తాను మేడం. చెట్లెక్కినోణ్ణి, నాకు తాడేంటండీ?" అన్నాడు లైన్‌మన్.

"చెట్టుకి కొమ్మలుంటాయి. దీనికేమున్నాయి?"

"మెట్లున్నాయి కదండీ."

"మెట్లమీద ఐసుంది. వాదించకుండా ఆ తాడందుకో."

కొండలెక్కే తాడు ఒక ముక్క కోశాను. ఒక కొసను హార్నెస్ కొక్కేనికి కట్టాను. రెండో కొసన లావుగా ఒక ముడి. ఆ తాడుమీద సన్నతాడు ఉచ్చును మూడు చుట్లు చుట్టి, ఆ ఉచ్చును హార్నెస్‌కు రెండో పక్కనున్న కొక్కేనికి తగిలించాను. బరువు పడితే చుట్లు తాడును కరుచుకుంటాయి. బరువు తీసి చేత్తో నెడితే జరుగుతాయి. పొడవు ఎంత కావాలంటే అంత. నేనే నాలుగు మెట్లెక్కి, వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి చూపించాను.

అతను తగిలించుకున్నాక తడిమి చూశాను. చుట్ల పక్కనే పెద్ద తాడుకి ఇంకో ముడి బిగించేశాడు.

"ఇదేంటి?"

"ముడి మీద ముడండీ. తోటలో కాయల గంప దించేప్పుడు ఇలా వెయ్యకపోతే మేస్త్రీ తిట్టేవాడు."

"గంప గాల్లో ఉండి తాడు పొట్టి చేసుకోదు. నువ్వు చేసుకోవాలి. ఈ ముడుంటే చుట్లు జరగవు. విప్పు."

"జరిగే ముడిని నమ్మమంటారేంటి మేడం?"

"ముడిని కాదు, నన్ను నమ్ము."

విప్పాడు.

పైకెళ్లి, తాడును ఒక మెట్టు మీదుగా తిప్పి, పొట్టి చేసుకుని వాలాడు. పానా తీశాడు. తాడు మీద తెల్లగా ఐసు పేరుకుంటోంది. యాంటెనా తిరిగింది. ఆఖరి బోల్టు బిగిస్తుండగా రెండు కాళ్లూ ఒక్కసారే జారాయి.

చుట్లూ జారాయి. కిందినుంచి చూస్తూనే ఉన్నాను. జారి, పట్టుకున్నాయి. అతను మాస్టుకు ఛాతీ కొట్టుకుని వేలాడాడు.

"మేడం! జరిగిందండీ ఇది!"

"పట్టింది కదా!"

"పట్టింది కాబట్టే బతికుండి అంటున్నానండీ!"

బంకర్లోంచి ఆపరేటరు కేక: "దొరికారు మేడం! ఇంకా వాగులోకి దిగలేదట. అక్కడే ఆగుతున్నారు!"

ఉద్యోగం వదిలి వచ్చేసి చాలా ఏళ్లయింది. ముసునూరు దగ్గర మా తోటలో కోతలప్పుడు చెట్టెక్కేవాళ్లకు ఇలాంటి తాళ్లు నేనే కట్టిస్తాను. ఏటా ఎవడో ఒకడు ముడి మీద ముడి వేస్తాడు. విప్పిస్తాను. "జారితేనో అమ్మగారూ?" అంటాడు. మళ్లీ మొదట్నుంచీ వాదన. వాళ్లు కిందికి దిగేదాకా మంచం మీద కూర్చోలేను. "ఎండలో ఆ తిరుగుడేంటే?" అంటుంది అత్త.

ఆ రోజు లైన్‌మన్ కిందికొచ్చి, తాడు నా ముందు పట్టుకున్నాడు. తాడంతా తెల్లగా ఐసు. చుట్లు జారిన చోట మాత్రం ఐసంతా గీరుకుపోయి, జానెడు మేర నీలంగా, తడిగా, కొత్త తాడులా మెరుస్తోంది.